దుప్పటి కోసం కొత్త ఊలు కొనవద్దు

ఇంట్లో మిగిలిపోయిన ఊలుతో ముక్కల దుప్పటి అల్లాలనుకునేవారికి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: దాని కోసం ఒక్క ఉండ కూడా కొత్తగా కొనవద్దు. రంగు కుదరలేదనో, అంచుకు చాలదనో, నడుమ నాలుగు తెల్ల ముక్కలుంటే బాగుంటుందనో అంగడికి వెళ్లి రెండు ఉండలు తెస్తే, వాటిలో సగం మళ్లీ మిగులుతుంది. ఆ సగానికి జత కుదిర్చేందుకు మరో రెండు వస్తాయి. దుప్పటి పూర్తయ్యేనాటికి సంచి మొదట ఉన్నదానికంటే బరువెక్కి ఉంటుంది. మా చుట్టుపక్కల అల్లిక తెలిసిన ఇళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. సగంలో ఆగిపోయిన దుప్పట్లు కూడా ఎక్కువగా ఇలాంటి ఇళ్లలోనే కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ పనికి కొలత అంటూ ఉండదు, చేతిలో ఉన్న సరుకు ఎంతో ఎవరికీ తెలియదు.

మాది కోరాపుట్ జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేవరకు ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాకు చెందినవి. అప్పటినుంచీ జయపురంలో ఉన్న తెలుగు కుటుంబాలు కొన్నయితే, 1964లో సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం మొదలయ్యాక, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం పడ్డాక ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడినవి మరికొన్ని. ఒడిశాలో ఎత్తయిన శిఖరం దేవమాలి, 1,672 మీటర్లది, ఈ జిల్లాలోనే ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొట్టంగి, సెమిలిగుడ వైపు రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెలోకి దిగుతుంది. సముద్రపుటొడ్డు నుంచి వచ్చిన మా అమ్మ తరంవారికి ఈ చలి కొత్త. అందుకే వారు క్వార్టర్లలో ఇరుగుపొరుగు ఒడియా, బెంగాలీ ఇల్లాండ్ర దగ్గర సూదులు పట్టడం నేర్చుకున్నారు, ఇంటిల్లిపాదికీ స్వెటర్లు అల్లారు. ప్రతి స్వెటరుకూ కొంత ఊలు మిగులుతుంది, ఎందుకంటే అంగడివారు నిండు ఉండలనే అమ్ముతారు, చివరి ఉండలో పావో సగమో చేతికి పట్టి ఆగిపోతాం. ముప్పై నలభై ఏళ్లు అల్లిన ఇంట్లో ఈ పావులూ సగాలూ కలిస్తే తక్కువేమీ కాదు.

ముందు చేయవలసిన పని తూకం. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా చాలు. సంచిలో ఉన్నదంతా ఒక్కసారి తూచి, తరువాత ఒక్కొక్క ఉండనూ విడిగా తూచి, బరువు రాసిన చీటీ దానికి గుచ్చాలి. మధ్యరకం మందం ఊలుతో, ప్రతి వరుసా నిట్ అనే సాదా కుట్టుతోనే అల్లిన 15 సెంటీమీటర్ల చదరానికి సుమారు 10 గ్రాములు పడుతుంది. ఒక మంచానికి సరిపోయే దుప్పటికి అడ్డంగా 10, నిలువుగా 13, మొత్తం 130 చదరాలు కావాలి, అంటే 1,300 గ్రాములు. అతుకులకూ అంచుకూ మరో 150 గ్రాములు కలుపుకోవాలి. సంచిలో 900 గ్రాములే ఉంటే ఆ దుప్పటి మంచానికి రాదు, అడ్డంగా 8, నిలువుగా 9 చదరాలతో 120 సెంటీమీటర్ల వెడల్పున, 135 సెంటీమీటర్ల పొడవున, ఎదిగే పిల్లలకు సరిపోయేంతది అవుతుంది. అర కిలో ఉంటే పసిబిడ్డకు కప్పేంతది వస్తుంది. ఉన్న బరువే దుప్పటి కొలతను నిర్ణయించాలని నేను వాదించడానికి కారణం ఇదే. మంచాన్ని కొలిచి ఊలును దానికి సరిపెట్టాలని చూసేవారు చివరికి అంగడి గుమ్మం ఎక్కక తప్పదు.

తూకం తరువాత ఊలు జాతి, అంటే అది దేనితో చేసినదన్నది. రంగు గురించి మనవాళ్లు పెట్టుకునే చింతలో పదోవంతు దీనిమీద పెట్టరు, కానీ దుప్పటి బతుకు ఆధారపడేది దీనిమీదే. అంగళ్లలో ఊలు పేరుతో దొరికేదానిలో ఎక్కువభాగం యాక్రిలిక్, గొర్రె బొచ్చుతో ఏ సంబంధమూ లేని కృత్రిమ దారం. గొర్రె ఊలు పీచుమీద సన్నని పొలుసులుంటాయి. వేడినీళ్లలో వేసి రుద్దితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని బట్ట కుదించుకుపోతుంది, దళసరిగా బిగుసుకుంటుంది. యాక్రిలిక్‌కు ఆ గుణం లేదు, దానికి ఇస్త్రీపెట్టె వేడి తగిలితే మాత్రం సాగి, మెరుపెక్కి, మళ్లీ ఎన్నటికీ కోలుకోనంతగా మెత్తబడిపోతుంది. ఈ రెండింటినీ ఒకే దుప్పటిలో పక్కపక్కన అతికితే మొదటి ఉతుకులోనే గొర్రె ఊలు ముక్క ముడుచుకొని చుట్టూ ఉన్నవాటిని లాగుతుంది, దుప్పటి నేలమీద చదునుగా పరుచుకోదు. కంపెనీ చీటీ పోయిన ఉండ ఏ జాతిదో తేల్చుకోవడానికి వేలెడు దారం తెంచి, పట్టకారుతో పట్టుకొని, నీళ్ల పళ్లెం మీద కాల్చి చూడాలి. గొర్రె ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్లమధ్య నలిగిపోతుంది. యాక్రిలిక్ నల్లని పొగతో కాలి, కరిగి, గట్టి పూసలా మిగులుతుంది. నూలు కాగితం కాలిన వాసన వేస్తుంది. ఈ మూడూ మూడు సంచులు, మూడు సంచులు మూడు దుప్పట్లు. ఒక సంచిలో సరుకు చాలకపోతే ఆ దుప్పటి చిన్నదవుతుంది, అంతే.

పాత స్వెటర్లు విప్పిన ఊలును మిగులు కింద లెక్కించవచ్చునా అని నన్ను అడిగినవారున్నారు. నిస్సందేహంగా లెక్కించవచ్చును. పిల్లలకు పొట్టైపోయిన స్వెటరు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరు విప్పితే వచ్చే ఊలు ముడతలు ముడతలుగా ఉంటుంది. దానిని కుర్చీ వీపుకు చుట్టి చిలపగా తీసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీరు ఓడ్చి, కింద చిన్న బరువు కట్టి వేలాడదీస్తే ఆరేసరికి తిన్నగా అవుతుంది. అయితే ప్రతి స్వెటరూ విప్పడానికి పనికిరాదు. గజపతి జిల్లా చంద్రగిరిలో 1960లలో స్థిరపడిన టిబెటన్లు చలికాలంలో పట్టణాలకు తెచ్చి అమ్మే స్వెటర్లలో చాలావరకు లూధియానా యంత్రాల మీద తయారైనవే. లోపలి కుట్టు తిరగేసి చూడాలి. అంచులను కత్తిరించి, ఓవర్‌లాక్ యంత్రంతో కుట్టి ఉంటే విప్పినప్పుడు ప్రతి వరుసా విడి ముక్కగా తెగి వస్తుంది, దానితో ఏమీ చేయలేము. అంచు కుట్లు గొలుసులా, కత్తిరించిన గుర్తు లేకుండా ఉంటే మొత్తం ఊలు ఏకధాటిగా వస్తుంది.

మందం సంగతి తొందరగా చెప్పవచ్చు. స్కేలు మీద ఒక అంగుళం మేర ఊలును పక్కపక్కనే, ఒత్తకుండా చుట్టి లెక్కపెట్టాలి. పదకొండు పన్నెండు చుట్లు పడితే మధ్యరకం. పద్నాలుగుకు మించి పడితే సన్నం, అలాంటివి రెండు కలిపి జంటపోగుగా అల్లితే మధ్యరకానికి దగ్గరవుతాయి. సూదులు కొనేటప్పుడు మన పాత అంగళ్లలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోవాలి: 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లది, 10 నంబరుది మూడుంబావు. మధ్యరకానికి 8 గానీ, కాస్త వదులుగా మెత్తగా కావాలనుకుంటే 7 గానీ సరిపోతుంది.

ఇక అసలు అల్లికకు వద్దాం, ఎందుకంటే కొత్త ఊలు కొనకుండా దుప్పటి పూర్తిచేయడం సాధ్యమేనని నాకు నమ్మకం కలిగించింది ఈ ఒక్క పద్ధతే. చదరాన్ని కింది అంచునుంచి మొదలుపెట్టకూడదు, మూలనుంచి మొదలుపెట్టాలి. మూడు కుట్లు ఎక్కించి, ప్రతి వరుస మొదట్లో ఒక కుట్టు పెంచుతూ పోతే త్రికోణం పెరుగుతుంది. పక్క అంచు 15 సెంటీమీటర్లకు రాగానే ప్రతి వరుసకూ ఒక కుట్టు తగ్గించడం మొదలుపెడితే ఎదుటి మూల దగ్గర చదరం ముగుస్తుంది. కింది అంచునుంచి అల్లేటప్పుడు ఎన్ని కుట్లు ఎక్కించాలో ముందే తెలియాలి, ఊలు మందం మారినప్పుడల్లా ఆ లెక్క మారుతుంది, ఒక్కొక్క ఉండకూ నమూనా ముక్క అల్లి చూసుకోవాలి. మూలనుంచి అల్లేటప్పుడు ఆ బాధ లేదు. ఏ మందమైనా, ఎవరి చెయ్యి ఎంత బిగువైనా, అట్టముక్కను 15 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి పక్కన పెట్టుకొని దానికి సరిపోయేవరకు పెంచడమే. అందువల్ల అమ్మ బిగువుగా అల్లినా, కూతురు వదులుగా అల్లినా, రెండు ముక్కలూ ఒకే కొలతకు వస్తాయి. అలాగే, నిట్ కుట్లు మాత్రమే ఉన్న అల్లిక అంచులు ముడుచుకోవు. ఒక వరుస నిట్, ఒక వరుస దానికి తిరగేసిన కుట్టు పర్ల్ వేసిన నున్నని అల్లిక అందంగానే ఉంటుంది గానీ నాలుగు వైపులా చుట్టుకుపోతుంది, అతికేటప్పుడు విసిగిస్తుంది.

ఈ పద్ధతిలో మరొక లాభం ఉంది, మిగులు ఊలుతో పని చేసేవారికి అది అన్నింటికన్నా ముఖ్యమైనది. పెంచడం ఆపి తగ్గించడం మొదలుపెట్టే చోటు చదరానికి సరిగ్గా కర్ణం, అంటే అక్కడికి సగం ఊలు అయిపోయిందన్నమాట. పది గ్రాముల ఉండ లేకపోతే అయిదు గ్రాములవి రెండు ఉన్నా చదరం వస్తుంది: ఒకటి పెరిగే సగానికి, మరొకటి తగ్గే సగానికి. ఇలా రెండు రంగుల త్రికోణాలుగా విడిన చదరాలను తిప్పి తిప్పి పేరిస్తే వజ్రాకారాలూ, వంకీలూ, గాలిమర రెక్కలూ ఏర్పడతాయి, ఎవరూ కొనుక్కోని అలంకారం దానంతటదే వస్తుంది. రెండేసి గ్రాముల తుంపులను చారలుగా వేయవచ్చు. ఒక గ్రాముకన్నా తక్కువ ఉన్నవాటిని మూల దగ్గరి మొదటి కొద్ది వరుసలకు వాడవచ్చు. కొనవద్దని నేను అనేది పొదుపు కోసం కాదు, ఈ కొరత ఉంటేనే ఇలాంటి నమూనాలు చేతికి తోస్తాయి. పుష్కలంగా ఉండలున్న చోట ఎవరూ త్రికోణాలదాకా రారు.

రంగుల విషయంలో మా జిల్లాలోనే ఒక పాఠం ఉంది. కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతకారులు ఆల్ చెట్టు వేరునుంచి తీసిన రంగుతో నూలుకు ఎరుపు, ముదురు గోధుమ ఛాయలు పట్టించి, రంగు వేయని నూలు పక్కన నేస్తారు. ఒడిశా చేనేతలో 2005లో భౌగోళిక గుర్తింపు పొందినది ఆ బట్ట. వారి చేతిలో ఉన్న రంగులు ఎన్నో కావు. అయినా ఆ బట్ట నిండుగా కనిపించడానికి కారణం ముదురుకూ లేతకూ మధ్య ఉన్న దూరం. మన సంచిలో పరిస్థితి దీనికి తలకిందులు, రంగులు లెక్కలేనన్ని, క్రమమే లేదు. అయినా సూత్రం అదే పనిచేస్తుంది. ఎరుపు పక్కన పచ్చ కుదురుతుందా అని ఆలోచించడం మాని, ఏది ముదురు, ఏది లేత, ఏది నడిమి అని మూడు కుప్పలు చేసుకోవాలి. కంటికి తేలకపోతే ఫోనులో నలుపు-తెలుపు ఫోటో తీసి చూస్తే వెంటనే తేలుతుంది. చక్కని ఎరుపూ చక్కని ఆకుపచ్చా ఆ ఫోటోలో ఒకే బూడిద రంగుగా కనిపించి ఆశ్చర్యపరుస్తాయి. లేత సగం, ముదురు సగం ఉన్న చదరాలు అన్నింటిలోనూ ముదురు వైపు ఒకే దిక్కుకు ఉండేలా పేరిస్తే, వందరంగులున్నా దుప్పటికి ఒక క్రమం వస్తుంది. అందరూ వికారమని పక్కన పెట్టే ఆవపచ్చ, మట్టిరంగు ఉండలు ఇక్కడ ఎంతో ఉపయోగపడతాయి. దుప్పటిలో అన్నీ మెరిసే రంగులే అయితే కన్ను ఎక్కడా ఆగదు. గొర్రె ఊలులో ఎరుపు, మెరూన్ ఉండలను మాత్రం ముందుగా పరీక్షించాలి: తడిపిన దారాన్ని తెల్లగుడ్డ మధ్య పెట్టి నొక్కితే రంగు అంటకూడదు.

నా వాదనకు ఎదురుగా వచ్చే బలమైన అభ్యంతరం అతుకులూ అంచూ. చదరాలు ఎన్ని రంగులైనా ఉండనీ, వాటిని కలిపేది మాత్రం ఒకే రంగు కావాలి, అంత ఊలు మిగులులో ఎక్కడ దొరుకుతుంది, ఆ ఒక్కటైనా కొనక తప్పదు కదా అని మా వీధిలో అల్లిక బాగా తెలిసిన పిన్నిగారు ఒకరు అంటారు. ఆవిడ మాటకు విలువ ఉంది, ఎందుకంటే ఒకే రంగు గీతలు దుప్పటిని కట్టివేస్తాయి, గందరగోళం తగ్గిస్తాయి. కానీ ఆ గీతలు కావాలన్నది క్రోషియా సూదితో గట్లు కనిపించేలా కలిపేవారి అవసరం. నేను చెప్పే పద్ధతిలో ప్రతి చదరం ముగిశాక ఊలును అక్కడే తెంచకుండా మూర పొడవు వదిలి తెంచాలి, అంటే 45 సెంటీమీటర్లు. ఆ తోకనే మొండి సూదికి ఎక్కించి, రెండు చదరాల అంచులను ఎదురెదురుగా పెట్టి, ఈ వైపు ఒక గట్టు, ఆ వైపు ఒక గట్టు అందుకుంటూ పోతే అతుకు లోపలికి మునిగిపోతుంది, బయటికి ఏ రంగూ కనిపించదు. అతకడానికి వేరే ఊలు అక్కరలేదు. దాచవలసిన కొసలూ సగానికి తగ్గుతాయి, 130 చదరాల దుప్పటిలో ఇది చిన్న ఊరట కాదు. మిగిలిన కొసలను ముడులు వేసి కత్తిరించడం నాకు ఇష్టం లేదు. యాక్రిలిక్ జారుడు స్వభావం వల్ల ముడి ఏదో ఒకనాడు విడుతుంది, ఉతికినప్పుడు తోక బయటికి పొడుచుకొస్తుంది. గొర్రె ఊలుకైతే రెండు కొసల పీచు విప్పి, తడిచేసి, అరచేతుల మధ్య వేడి పుట్టేలా రుద్దితే అవి ఒకటైపోతాయి. యాక్రిలిక్‌కు కొసను కుట్లలోకి మూడు దిక్కులుగా తిప్పి దూర్చడమే దారి.

అంచుకు మాత్రం ముందుచూపు కావాలి. మొదటి చదరం అల్లకముందే, సంచిలోని ముదురు రంగు ఉండల్లో పది పదిహేను గ్రాములకు తగ్గని నాలుగింటిని ఎంచి, వేరే సంచిలో కట్టి, అటక మీద పెట్టాలి. మంచం దుప్పటి చుట్టూ ఒక చుట్టుకు ఇంచుమించు అంత ఊలు పడుతుంది. నాలుగు చుట్లు నాలుగు ముదురు రంగులైతే ఏమిటి నష్టం? నీలం, మెరూన్, ముదురాకుపచ్చ, నలుపు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే అంచు, కొన్న ఒకే రంగు అంచుకన్నా లోపలి ముక్కలకు దగ్గరి చుట్టంలా ఉంటుంది. పిన్నిగారు ఇంకా ఒప్పుకోలేదు, నేను మానలేదు.

ఇంత శ్రమ ఎందుకు, పానిపట్ దుప్పటి కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది కదా అనేవారితో నాకు ధరమీద తగాదా లేదు. పానిపట్ మిల్లులు పాత ఊలు బట్టలను చింపి, పీచు చేసి, మళ్లీ దారం వడికి దుప్పట్లు నేస్తాయి. మిగులును వాడుకోవడంలో మన ఇంటి సంచి వారి పనికి ఏ మూలకూ రాదు, కాబట్టి దుప్పటి అల్లి భూమిని కాపాడుతున్నామని చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. గంటకొక చదరం చొప్పున వేసుకున్నా 130 గంటల పని, ఆపైన అతుకులు. డబ్బు లెక్కలో ఇది ఎన్నటికీ గిట్టదు. నాకు విలువైనది బాగుచేసుకునే వీలు. నేసిన దుప్పటి నడుమ నిప్పురవ్వ పడి కాలితే, ఎలుక కొరికితే, ఆ చిరుగు పెరుగుతూ పోతుంది. చదరాల దుప్పటిలో పాడైన చదరం చుట్టూ నాలుగు అతుకులు విప్పి, దాని స్థానంలో మరొకటి అల్లి కుట్టవచ్చు. అదీ ఏ రంగుదైనా ఇమిడిపోతుంది, ఎందుకంటే మొదటినుంచీ అందులో ఏ రెండూ జత కావు. ఒకే రంగు కొనుక్కొని అల్లిన దుప్పటికి ఈ సౌకర్యం లేదు, అయిదేళ్ల తరువాత ఆ ఛాయ అంగడిలో దొరకదు, దొరికినా ఉతుకులకు వెలిసిన పాతదాని పక్కన కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన బొంతలు తరాలు నిలిచింది కూడా ఇందుకే: పైచీర చిరిగితే దానిమీద మరో పాతచీర పరిచి కుట్టేవారు తప్ప బొంతకోసం కొత్తచీర కొన్నవారిని నేను ఎరుగను.

వాడకం గురించి రెండు జాగ్రత్తలు. మొదటిది ఆరబెట్టడం, దాచడం. అల్లిన దుప్పటి తడిస్తే బరువెక్కి సాగుతుంది, కాబట్టి తీగమీద వేలాడదీయకుండా డాబామీద చాప పరిచి దానిమీద ఆరబెట్టాలి. మా కొండల్లో వానాకాలం చెమ్మ దీర్ఘంగా ఉంటుంది, గొర్రె ఊలుకు చిమ్మట పురుగు పడుతుంది, అందుకని వానలు వెనకబట్టగానే దుప్పటినీ, మరమ్మతు కోసం దాచిన ఊలునూ ఎండకు వేసి, దులిపి, ఎండిన వేపాకుతో కట్టిపెట్టాలి.

రెండోది నిప్పుకు సంబంధించినది, దీనిని నేను తేలికగా చెప్పలేను. ఈ జిల్లాలో కొండ ఊళ్లలో చలికాలమంతా నెగడు చుట్టూ కూర్చుంటారు, ముసలివారు దాని పక్కనే పడుకుంటారు. మనం అల్లిన దుప్పట్లను అలాంటి ఇళ్లకు ఇవ్వాలనుకోవడం మంచి ఆలోచనే, కానీ యాక్రిలిక్ దుప్పటిని ఇవ్వకూడదు. నిప్పు అంటుకుంటే అది కాలుతూనే కరుగుతుంది, కరిగినది చర్మానికి అతుక్కుంటుంది. గొర్రె ఊలు సులభంగా అంటుకోదు, అంటుకున్నా మంట దూరమైతే తనంతట ఆరిపోతుంది. కురుమలు నేసే, గొర్రెల కాపరులు ఆరుబయట కప్పుకొని పడుకునే గొంగళ్లు దక్కను గొర్రెల బొచ్చుతో చేసినవే. అందువల్ల కాల్చి తేల్చుకున్న గొర్రె ఊలు సంచిలో 400 గ్రాములే ఉన్నా, దానిని యాక్రిలిక్‌తో కలిపి పెద్ద దుప్పటి చేయాలని ఆశపడకుండా, అడ్డంగా 7, నిలువుగా 5 చదరాలతో భుజాల చుట్టూ కప్పుకునేంతది అల్లి నెగడు దగ్గర కూర్చునేవారికి ఇవ్వాలి. యాక్రిలిక్ సంచిలోది మన మంచాలకు సరిపోతుంది.